పెయ్రాల్‌కు వంతెన

మే 29, 2008

వంతెన పోయింది.

మే 30

నిన్న అంతకుమించి రాయడానికి ఓపిక లేకపోయింది.

మూడు రోజులుగా వాన. పై కొండల్లో మిగిలిన మంచు కూడా కరిగి కలిసిందేమో, అలాంద్ వాగు పొలాల మీదికి వచ్చేసింది. ఊరంతా గొడుగులు వేసుకుని గట్టు మీద నిలబడి చూస్తుండగా, మా రాతివంతెన ముసలాయన కుర్చీలో కూలబడ్డట్టు నెమ్మదిగా ఒక పక్కకి ఒరిగింది. కాసేపు అలాగే కూర్చుంది. తరవాత లేదు.

అందరూ వెనక్కి తిరిగి నా వైపు చూశారు. నేనూ వెనక్కి తిరిగి చూశాను, ఎవరిని చూస్తున్నారా అని. నా వెనక ఎవరూ లేరు. అప్పుడు గుర్తొచ్చింది, ఈ ఊరికి మేయరుని నేనేనని.

మార్చిలో ఎన్నికలకు నేను నిలబడలేదు. ఎవరూ నిలబడలేదు. జనమే చీటీల మీద నా పేరు రాశారు. వెర్నూసల్‌లో ప్రతి ఇంటి పొగగొట్టమూ తుడిచేవాణ్ణి కాబట్టి చటుక్కున గుర్తొచ్చే పేరు నాదేనట. ఓట్లు లెక్కించేవేళ నేను బెర్నదెత్ ఇంటి కప్పు మీద మసి దులుపుతుంటే కింద నుంచి చప్పట్లు వినిపించాయి. దిగేసరికి అంతా అయిపోయింది. ఆ బెర్నదెతే ఊరి కచేరీలో గుమాస్తా. ఇప్పుడు రోజూ పొద్దున నన్ను చూసి "మేయర్ గారూ, ముఖం కడుక్కొచ్చారా?" అంటుంది.

వాగుకి అవతల ఉన్నది పెయ్రాల్ వాడ. మెట్ట మీద కొన్ని ఇళ్ళు, ఒక చిన్న గుడి, శ్మశానం, ఎలోడీ ఆవులు. ఇంక రెజిస్.

ఇప్పుడు ఇటు రావాలంటే వాళ్ళు కనుమ దాకా ఎక్కి, పద్నాలుగు కిలోమీటర్ల వంకర్లు తిరిగి రావాలి.

జూన్ 3

జిల్లా ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్తుడు. బూట్లు తడవకుండా వాగులోకి ఎలా చూడాలో అలా చూశాడు. రాతివంతెన మళ్ళీ కట్టాలంటే రెండేళ్ళు పడుతుందన్నాడు.

ఎందుకో నా మనసు కుదుటపడింది. ఒక పని పద్ధతిగా జరగబోతోందంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

జూన్ 7

ఆవులు అవతలి గట్టున నిలబడి రోజంతా అరుస్తున్నాయి. ఏటా ఈపాటికి దిగువ బీళ్ళకి వచ్చేవి. వాటికి ఇంజనీరు మాట తెలీదు.

జూన్ 11

ఈ రోజు బడి కప్పు మీద పని. అక్కడ నుంచి ఊరంతా అరచేతిలో పెట్టినట్టు ఉంటుంది. పలకరాతి కప్పులు, కచేరీ ముందు పెద్ద లిండెన్ చెట్లు, దిగువన వాగు.

వంతెన చోటుకి ఎగువన, మనిషైతే రాళ్ళ మీదుగా దాటగలిగి ఆవు దిగలేని చోట, సొలాంజ్ వాగు దాటుతోంది. చెప్పులు చేత్తో పట్టుకుని, గౌను మోకాళ్ళ దాకా మడిచి. నీళ్ళు తగ్గాయిలే, అయినా రాళ్ళు పాచి పట్టి ఉంటాయి. అవతల రెజిస్ చెయ్యి చాచి నిలబడ్డాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, నిరుడు శీతాకాలం మోకాలి నొప్పని మూలిగిన మనిషి, మేకపిల్లలా గెంతింది.

పదకొండేళ్ళ కిందట విడాకులు తీసుకున్న మనిషి ఏ వాగు దాటితే నాకేం? మేం కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు, అంతే. తను పట్నం వెళ్ళిపోయింది. వాళ్ళమ్మకి కాళ్ళు పట్టు తప్పాయని నిరుడు తిరిగొచ్చింది. వాళ్ళమ్మ ఓగుస్తీన్ ఇల్లూ నా ఇల్లూ ఒకే గోడ.

నేను చూడాలని చూడలేదు. కప్పు మీద ఉన్నవాడికి అన్నీ కనపడతాయి.

జూన్ 23

సెయింట్ జాన్ పండగ మంట. ఎప్పుడూ పైవాడ వాళ్ళు మా దగ్గరికే దిగి వస్తారు. ఈసారి వాళ్ళ మంట వాళ్ళు అవతలి గట్టున వేసుకున్నారు. ఇంకా వెలుతురు ఉండగానే రెండు మంటలు ఎదురెదురుగా లేచాయి. మధ్యలో వాగు.

అటు నుంచి ఎలోడీ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. నా చిన్ననాటి స్నేహితుడి కూతురు. చీజ్ చేస్తుంది, నాకు ఉపమేయరు కూడా.

"మేయరు బాబాయ్! వంతెన ఎప్పుడూ?"

"ఇంజనీరునడుగమ్మా!"

"మా ఆవులు ఓటేసింది నీకు, ఇంజనీరుకి కాదు!"

రెండు గట్లూ నవ్వాయి. ఎవరో మా వైపు నుంచి ఒక సాసేజ్ విసిరారు. వాగులో పడింది. రెజిస్ కుక్క దూకి తినేసింది. మావాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆ కుక్క ఒక్కటే ఈ ఊళ్ళో వంతెన అక్కర్లేని ప్రాణి.

నేనూ నవ్వాను. బాగా నవ్వాను.

జూలై 4

వాళ్ళిద్దరూ కచేరీకి వచ్చారు. పెళ్ళి కాగితాలు బెర్నదెత్ బల్ల మీద పెట్టారు. సెప్టెంబరు పదమూడు, శనివారం.

"శుభం!" అంది బెర్నదెత్ వాళ్ళతో. చూపు మాత్రం నా మీదే ఉంది.

"ఎలోడీ చేయిస్తుందిలే పెళ్ళి" అన్నాను. "ఉపమేయరు కదా."

"ఎలోడీ చదివితే ఆవుల్ని అదిలించినట్టు ఉంటుంది" అంది సొలాంజ్. "నువ్వే చెయ్యాలి లూసియెన్."

"నేనా?"

"నువ్వైతే ఏ మాటా మింగకుండా చదువుతావు."

రెజిస్ టోపీ చేతుల్లో తిప్పుతూ నేల వైపు చూస్తున్నాడు. రైల్వేలో పట్టాలూ వంతెనలూ చూసుకునే పని చేసి రిటైరయ్యాడు. నెమ్మదస్తుడు. తిట్టుకుందామంటే ఒక్క వంకా దొరకని మనిషి. అదొక్కటే అతనిలో నాకు నచ్చనిది.

"ఆలోచిస్తాను" అన్నాను.

వెళ్ళబోతూ గుమ్మంలో సొలాంజ్ అంది: "అన్నట్టు, పెళ్ళయ్యాక అమ్మని కూడా పైకి తీసుకెళ్ళిపోతాం. తన కోసం కింద గది తయారు చేస్తున్నాడు రెజిస్."

మంచిదే. ముసలి ప్రాణానికి కొండగాలి మంచిది. మంచిదే.

జూలై 5

మంచిదే.

జూలై 12

ఓగుస్తీన్ అత్త పొగగొట్టం తుడిచాను. ఏటా జూలైలో ముందు ఆవిడదే. బ్రష్షు పొయ్యిలో పెట్టి, కర్రలు ఒకదానికొకటి తగిలించి పైకి తోస్తుంటే వెనక కుర్చీలో కూర్చుని అజమాయిషీ మొదలుపెట్టింది.

"ఎడమ పక్క తుడవలేదు."

"తుడిచానత్తా."

"నాకు ఇక్కడికే వినిపిస్తుంది, తుడవలేదు. సరే గానీ, ఆ వంతెన ఎందుకు కట్టవూ?"

"ఇంజనీరు రెండేళ్ళన్నాడు..."

"ఇంజనీరు వయసెంత?"

"నలభై ఉంటాయేమో."

"అతనికి రెండేళ్ళంటే రెండేళ్ళు. నాకు ఎనభై ఆరు. నా రెండేళ్ళకి పూచీ ఎవరు? నేను పుట్టింది పెయ్రాల్‌లో. మా అమ్మా నాన్నా ఆ గుడి పక్కన పడుకుని ఉన్నారు. మే నెల నుంచి వాళ్ళకొక పువ్వు పెట్టిన దిక్కు లేదు."

"కారులో తీసుకెళ్తాను."

"ఆ వంకర్లలోనా? తిన్నదే కాదు, పెళ్ళినాడు తిన్నది కూడా బయటికొస్తుంది. మా నాన్న రోజుల్లో అక్కడ కర్రవంతెనే. రెండు దూలాలు, మీద చెక్కలు. ఆవులు దర్జాగా నడిచేవి. రాళ్ళ వంతెన మీరు తీరిగ్గా కట్టుకోండి. ముందు కాలు పెట్టడానికి ఏదో ఒకటి వెయ్యవయ్యా!"

కర్రవంతెన ఊసు నాకు తట్టలేదని కాదు. తట్టింది. పద్ధతి ప్రకారం పోదామని ఊరుకున్నాను.

"ఏమిటలా నిలబడిపోయావు? మసి రాలుతోంది" అంది అత్త. "కాఫీ తాగి పో."

జూలై 15

ఇంజనీరుకి ఫోన్ చేశాను. తాత్కాలికంగా మనుషులకీ పశువులకీ కర్రవంతెన వేసుకోవచ్చా అని.

"తప్పకుండా. దూలాలు నేను వచ్చి చూసి ఒప్పుకోవాలి, అంతే. జూన్‌లోనే అడిగి ఉంటే అప్పుడే సరేననేవాణ్ణి కదండీ" అన్నాడు.

జూన్‌లో అడగమని నాకెవరూ చెప్పలేదు.

జూలై 26

ఊరి అడవిలో దేవదారు చెట్లు కొట్టాం. ఎలోడీ ట్రాక్టరు మీద కనుమ చుట్టి వచ్చింది. నిద్ర కళ్ళతో, గడ్డి అంటిన జుట్టుతో. "బాబాయ్, నువ్విక వంతెన కట్టవనుకున్నా" అంది.

"ఎందుకలా అనుకున్నావు?"

రంపం తీసుకుని చెట్ల వైపు నడిచింది. ఈ కాలం పిల్లలకి లేనిపోని అనుమానాలు.

ఆగస్టు 9

ఒళ్ళు హూనమైంది. అయినా రాయాలి.

మొదటి దూలం ఇవాళ వేశాం. గొలుసులూ కప్పీలూ రెజిస్ తెచ్చాడు. దూలాన్ని గాలిలోకి లేపి దింపుతుండగా మధ్యలో గొలుసు ఇరుక్కుంది. దాన్ని విడిపించడానికి ఎలోడీ గట్టెక్కింది. దూలం పక్కకి తిరిగిపోకుండా ఒక కొస నేను, ఒక కొస రెజిస్ భుజాలతో ఆనుకుని నిలబడ్డాం. నడుము దాకా నీళ్ళు. ఆగస్టులో కూడా అలాంద్ నీళ్ళు ఎముకలు కొరుకుతాయి. కదలడానికి లేదు, వదలడానికి లేదు, మొహాలు మాత్రం ఎదురెదురుగా.

చాలాసేపు ఇద్దరం వాగుని చూశాం. అందులో చూడ్డానికి ఏమీ లేదు.

"లూసియెన్ గారూ" అన్నాడు చివరికి. "ఒకటడగనా?"

"అడగండి. ఎక్కడికీ వెళ్ళలేను కదా."

"పొద్దున్నే పలకరిస్తే సొలాంజ్ మండిపడుతుంది. నా తప్పేమైనా..."

"కాఫీ ముందా, తరవాతా?"

"ముందు."

"మొదటి కప్పు అయ్యేదాకా నోరు తెరవకూడదు. రెండో కప్పు సగంలో వాతావరణం గురించి మాట్లాడొచ్చు. అది కూడా బాగుంటేనే."

అతను బుద్ధిగా తలూపాడు. "మరి సంగీతం?"

"పాడుతుంది. శ్రుతి ఉండదు. ఆ మాట అనకండి. నేనన్నాను ఒకసారి."

"ఏమైంది?"

"ఏమైందో చూస్తున్నారుగా. మీతో కలిసి దూలం మోస్తున్నాను."

ముందు అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాపుకోలేకపోయాడు. దూలం ఊగింది. నేనూ నవ్వాను. దూలం ఇంకా ఊగింది. గట్టు మీద నుంచి ఎలోడీ "నవ్వకండి! చస్తారు!" అని అరుస్తుంటే ఇంకా నవ్వొచ్చింది.

పైకొచ్చాక "ఇక నుంచి నువ్వు అనవయ్యా, గారూ గీరూ ఎందుకు" అన్నాను. అన్నాక, అనకుండా ఉండాల్సింది అనిపించింది. తరవాత పోనీలే అనుకున్నాను.

ఆగస్టు 23

ఇంజనీరు వచ్చి వంతెన మీద గెంతి చూశాడు. సరే అన్నాడు. ముందు నడిచింది ఆవులు. ముందున్న ముసలావు ఒక్క క్షణం ఆగింది, నా వైపు చూసింది, తోక ఎత్తి తన అభిప్రాయం చెక్కల మీద వదిలి దాటిపోయింది. ప్రారంభోత్సవం అయిపోయిందని బెర్నదెత్ ప్రకటించింది.

పెళ్ళి చేయిస్తానని సొలాంజ్‌కి చెప్పేశాను. ఎలోడీ ఆవుల మీద అరవడం ఇవాళ విన్నాను. సొలాంజ్ చెప్పింది నిజమే.

ఆగస్టు 30

మధ్యాహ్నం గోడ అవతల చప్పుడు లేదు.

అత్త కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది, అంతే. సాయంత్రానికి వచ్చేస్తుందని నాకు తెలుసు. అయినా మూడుసార్లు వాకిట్లోకి వెళ్ళొచ్చాను. రేడియో లేదు, గిన్నెల మోత లేదు, పిల్లిని తిట్టడం లేదు. ఇంటికి చెవుడు వచ్చినట్టుంది.

పొద్దున సొలాంజ్ ఆవిడ పింగాణీ పళ్ళాలు కాగితాల్లో చుట్టి పెట్టెలకెత్తింది. నేనే మోసి బండిలో పెట్టాను.

కూర్చుని మే నెల నుంచి రాసిందంతా తిరగేశాను. సొలాంజ్ వాగు దాటింది, సొలాంజ్ గెంతింది, సొలాంజ్ అంది. ఇన్నాళ్ళూ ఆ పేరు పట్టుకుని మూలిగాను. అదేం కాదు. సొలాంజ్ వెళ్ళి పదకొండేళ్ళయింది. అప్పుడే ఏడ్చేశాను, అయిపోయింది. ఇప్పుడు పోతున్నది ముసలావిడ.

ఏమని అడ్డం చెప్తాను? ఆవిడ నాకేమవుతుంది? కూతురు కూతురే. విడాకులిచ్చిన మొగుడు పక్కింటివాడు.

సెప్టెంబరు 6

పెళ్ళి చేయించేటప్పుడు మేయరు భుజాన అడ్డంగా వేసుకునే మూడు రంగుల శాలువా మీద ఇస్త్రీ. నీలం మెడ వైపు ఉండాలట, ఎరుపు కింద. పార్లమెంటు సభ్యులు తిరగేసి వేసుకుంటారట, అలా వేస్తే నేనూ ఒకణ్ణవుతానంది బెర్నదెత్. వద్దన్నాను. మేయరుగిరీకే వాగులో దిగాల్సొచ్చింది.

సెప్టెంబరు 14

నిన్న జరిగింది నిన్న రాయలేకపోయాను.

కచేరీ గది కిక్కిరిసింది. తలుపులు తెరిచే ఉంచాలి, చట్టం. బయట లిండెన్ చెట్ల కింద కూడా జనం. అత్త ముందు వరసలో, నల్ల గౌను, తెల్ల లేసు. సొలాంజ్ బూడిదరంగు గౌనులో బాగుంది. బాగుందని రాస్తే ఎవరికేం నష్టం?

చట్టంలోని మాటలు చదవడం మొదలుపెట్టాను. భార్యాభర్తలు ఒకరికొకరు గౌరవం, నమ్మకం, ఆదరువు, సాయం ఇచ్చుకోవాలి. అక్కడిదాకా బానే ఉంది. "ఇద్దరూ కలిసి బతకడానికి కట్టుబడి ఉంటారు" అన్న దగ్గర ఆగిపోయాను. ఇదే గదిలో, ఇదే మాట ఇంకో మేయరు మాకు చదివాడు. అప్పుడు నాకు కొత్త బూట్లు కరుస్తున్నాయి. మాటలు వినలేదు.

మళ్ళీ మొదలుపెట్టాను. కాగితానికి మాత్రమే వినపడేలా చదివాను.

ముందు వరస నుంచి అత్త, తనకి గుసగుస అనిపించే గొంతుతో అంది: "గట్టిగా చదవవయ్యా! పోయినసారి నీకే వినపడలేదు, ఈసారి ఇతనికైనా వినపడనీ!"

ముందు నవ్వింది సొలాంజ్. ఆ తరవాత రెజిస్, ఆ తరవాత గది, ఆ తరవాత లిండెన్ చెట్లు. నవ్వులో నా గొంతు నాకు దొరికింది. ఏ మాటా మింగకుండా చివరిదాకా చదివాను. ఇద్దరూ అవునన్నారు. చట్టం పేరు మీద మీరిద్దరూ ఒకటయ్యారన్నాను. రెజిస్ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

విందు పైన, రెజిస్ కొట్టంలో. జనమంతా పాడుకుంటూ వంతెన మీదుగా వెళ్ళారు. నేను తలుపులు మూసి ఇంటికెళ్దామనుకుంటున్నాను. బల్ల మీద అత్త ఇంకా కూర్చునే ఉంది.

"నిన్నెవరూ తీసుకెళ్ళలేదా?"

"సొలాంజ్ కారులో రమ్మంది. కారెక్కనన్నాను. మేయరు తీసుకొస్తాడని చెప్పాను."

తోపుడుబండి తెచ్చాను.

"నేనేం పెంటనా? వంగు."

వంగాను. వీపు మీదికెక్కి, మెడ చుట్టూ చేతులు వేసి, శాలువా కళ్ళెంలా పట్టుకుంది. అలా ఊరంతా దాటి, వంతెన మీద నడిచాం. ముందు శ్మశానం దగ్గర దింపమంది. పెళ్ళి పూలగుత్తిలోంచి కాజేసిన రెండు పూలు తల్లిదండ్రుల రాయి మీద పెట్టింది. వాళ్ళకి వంతెన సంగతి చెప్పింది, చెక్కలు కాస్త సన్నం అని కూడా.

బంగాళాదుంపలూ కొత్త చీజూ కలిపి పెద్ద మూకుళ్ళలో వేయించారు. గరిటె ఎత్తితే చీజ్ తీగలు మూరల కొద్దీ సాగుతున్నాయి. జెన్షియన్ అనే కొండమొక్క వేళ్ళతో తీసిన సారా చేదుగా ఉంది, చాలాసార్లు తాగాను. సొలాంజ్ పాడింది. శ్రుతి లేదు. రెజిస్ చప్పట్లు కొట్టాడు. తెలివైనవాడు.

పొద్దు కొండ మీదికి వాలుతుండగా సొలాంజ్ తల్లిని కొత్త గదిలోకి తీసుకెళ్ళింది. వెంట నేనూ వెళ్ళాను, పెట్టెలు ఎక్కడ పెట్టాలో చెప్పే నెపంతో. సున్నం వేసిన గోడలు, తోట వైపు కిటికీ, కొత్త పరుపు. అత్త మంచం మీద కూర్చుని చూసింది, లేచి చూసింది, కిటికీ తీసి చూసింది.

"చక్కటి గది" అంది. "రెజిస్, నీ చెయ్యి మంచిది నాయనా. చుట్టాలొస్తే సుఖంగా పడుకుంటారు."

"అమ్మా, ఇది నీకు" అంది సొలాంజ్.

"నాకిల్లుంది."

"ఒక్కదానివీ ఎలా ఉంటావు అక్కడ? నేనిక్కడుంటే ఎవరు చూస్తారు నిన్ను?"

"ఇన్నేళ్ళూ ఎవరు చూశారు? నువ్వు పట్నంలో ఉండగా కట్టెలెవరు కొట్టారు, మంచెవరు ఊడ్చారు? పగలంతా నేనితణ్ణి తిడతాను, ఇతను నా పొయ్యి తుడుస్తాడు. ఇద్దరికీ కాలక్షేపం."

"కానీ అమ్మా, లూసియెన్ ఇప్పుడు మనకి..." సొలాంజ్ ఆగిపోయింది. నేను కిటికీ గడియ బాగుందో లేదో పరీక్షిస్తున్నాను.

"విడాకులు తీసుకుంది మీరిద్దరు" అంది అత్త. "నేనెక్కడా సంతకం పెట్టలేదే."

సొలాంజ్ తల్లిని చూసింది, నన్ను చూసింది. వచ్చి నా శాలువా సరిచేసింది. చాలా ఏళ్ళ తరవాత నన్ను ముట్టుకోవడం. "ఆదివారాలు ఇద్దరూ ఇక్కడే తినాలి" అంది. కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం గదమాయింపే. తల్లి పోలిక.

"పళ్ళాలు రేపు వెనక్కి పంపించు" అంది అత్త. తరవాత నా వైపు తిరిగి, "పద అల్లుడూ, ఇంటికెళ్దాం" అంది.

వంగాను. ఎక్కింది. కొట్టంలో పాటలు సాగుతూనే ఉన్నాయి. వంతెన మధ్యకొచ్చేసరికి ఆగక తప్పలేదు.

"అత్తా, మధ్యాహ్నం కన్నా బరువయ్యావు."

"బతికున్నవాళ్ళు బరువే ఉంటారు. నడువు."

నడిచాను.

సెప్టెంబరు 15

నడుం పట్టేసింది. బెర్నదెత్‌కి నవ్వాగడం లేదు. వచ్చే ఆదివారం పైకి కర్ర పట్టుకుని నడిచే వస్తానని అత్త నన్ను నమ్మించాలని చూస్తోంది.